కోళ్ళగంపలో దిగిన హమూర్

పోశయ్యను నేను మొదటిసారి చూసినప్పుడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. అప్పుడు కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. కుడిచేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసి ముద్దయింది. పట్టుకొచ్చిన వాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. ఆయన మాత్రం స్ట్రెచర్ తోస్తున్న పఠాన్‌తో, "జల్దీ చలో భాయ్, యే బారాత్ నహీ హై" అని పరాచికాలాడుతున్నాడు. నేను వంగి తెలుగులో "నొప్పిగా ఉందా?" అని అడిగేసరికి కళ్ళు పెద్దవి చేసి, "తెలుగమ్మవా! ఇగ నాకేం ఫికర్ లేదు" అన్నాడు.

ఫికర్ పడాల్సింది చాలానే ఉంది. ఆ తువ్వాలు విప్పింది నేనే కాబట్టి నాకు తెలుసు.

అది డెబ్బై ఎనిమిది ఎండాకాలం. నేను దుబాయ్‌లో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో నర్సుని. పేరు జ్ఞానకుమారి, ఊరు బందరు. మా ఆయన ప్రేమరాజు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల పైన, మరో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పోశయ్య కూడా మా ఆయన కంపెనీలోనే పని చేసేవాడని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక తెలిసింది. క్రేన్ ఎత్తుతున్న ఇనుప చువ్వల కట్ట జారి ఆయన చేతి మీద పడిందట. "మా సైటులో వాడంత వేగంగా ఇనుము కట్టేవాడు ఇంకొకడు లేడు జ్ఞానం" అని మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు.

పోశయ్యది గోదావరి ఒడ్డున, లక్షెట్టిపేట దగ్గర ఒక ఊరు. గంగపుత్రులు. తాత తండ్రుల నాటి నుంచి ఏట్లో వల వేసి బతికినవాళ్ళు. వల వేసే మనిషివి, ఎడారికొచ్చి ఇనుము కట్టడమేమిటి అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "వల అల్లినోనికి ఇనుపతీగె అల్లుడు కష్టమా? అది నూలు, ఇది ఇనుము. వేళ్ళకు తెలివి ఉండాలె గని!" చువ్వ మీద చువ్వ వేసి, మెత్తటి తీగెతో చుట్టి, కొక్కెంతో మెలి తిప్పడం ఆ పని. రోజంతా అదే మెలిక. ఆయన ఆ పని చేస్తూ పక్కవాడితో కబుర్లు చెప్పేవాడట, చేతి వంక చూసేవాడే కాదట.

అటువంటి చెయ్యి అది. మా వార్డు సర్జన్ ఈజిప్టు మనిషి, పెద్దాయన, మితభాషి. మణికట్టు దగ్గర తెగిన నరాన్ని కుట్టాడు. ఎముకలు అతుక్కున్నాయి, గాయం మానింది. కానీ ఉంగరపు వేలు, చిటికెన వేలు చచ్చుబడ్డాయి. కదిలించమంటే కొంచెం కదిలేవి, స్పర్శ మాత్రం లేదు. సూదితో గుచ్చినా తెలిసేది కాదు. "నరం మెల్లగా పెరుగుతుంది. రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాట నేను తెలుగులో చెబితే పోశయ్య సగమే విన్నాడు. "వస్తది అన్నడు గదా!" అన్నాడు.

కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఇంకో మాట అన్నాడు. చలికాలం అయిపోయేదాకా చూస్తాం, అప్పటికీ చెయ్యి పనికి రాకపోతే ఖలాస్, టికెట్టు కొనిచ్చి పంపేస్తాం అని. అందులో దాపరికమేమీ లేదు, మా ఆయన ముందే చెప్పాడు. ఊళ్ళో భార్య లింగవ్వ, ముసలి తండ్రి, పోయినేడే మొదలుపెట్టి గోడల దాకా లేచిన ఇల్లు. రెండు వేళ్ళ మీద అవన్నీ నిలబడి ఉన్నాయి. పోశయ్యను అంతవరకు క్యాంపు వంటింట్లో చాయ్ కాచే పనిలో పెట్టారు.

ఒకరోజు చెకప్‌కని వచ్చి చెయ్యి చాచాడు. చిటికెన వేలి పక్కన చర్మం ఊడి, బొబ్బ పగిలి చీము పట్టింది. వేడి చాయ్ గిన్నె పట్టుకున్నాడట. కాలుతున్న సంగతి ఆయనకు తెలియలేదు, పక్కవాడికి వాసనొచ్చి అరిచాడట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు లేవా? చేతికి తెలియనప్పుడు కళ్ళతో చూసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను!"

"నువ్వు తిట్టినా మంచిగనే ఉంటది సిస్టరమ్మా. మా అక్క తిట్టినట్టే ఉంటది" అని నవ్వాడు.

నేను గాయం కడుగుతుంటే ఆయన చెయ్యి వంకే చూస్తూ కూర్చున్నాడు. స్పిరిట్ తగిలితే మామూలు మనిషి ఎగిరి గంతేస్తాడు. ఈయన గోడను కడుగుతుంటే చూసినట్టు చూస్తున్నాడు. నర్సుగా ఎన్నో కేకలు విన్నాను. కేక రాని చోట ఉండే భయం నాకు ఆ రోజే తెలిసింది.

కట్టు కడుతుంటే ఆయనే అన్నాడు. "గంగమ్మకు మొక్కిన. ఈ చెయ్యి మల్ల నా చెయ్యి కావాలె, ఈ చేత్తోని పట్టే మొదటి చేప ఆమెకే ఇడుస్త అని."

వాళ్ళింటి పద్ధతి అట అది. రోగమొచ్చో, ఇంట్లో చావు జరిగో కొన్నాళ్ళు వల ముట్టకుండా ఉంటే, మళ్ళీ నీళ్ళలో దిగినప్పుడు మొదట పడిన చేపకు నుదుట పసుపు పెట్టి బతికుండగానే ఏట్లో వదిలేస్తారు. అది ఈదుకుంటూ వెళ్ళిపోతే గంగమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తరువాత పట్టినవన్నీ మనవి.

"నేను క్రైస్తవురాలిని పోశయ్యా. నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాను.

"చెయ్యమ్మా. ఇద్దరు చెప్తే జల్ది అయితది" అన్నాడు.

ఇక చేపల సంగతికి వస్తే, మా ఆయన పిచ్చి గురించి చెప్పాలి. బందరు మనిషిని, సముద్రం పక్క పుట్టినవాణ్ణి అని ఆయనకు మహా గర్వం. నిజానికి మా మామగారు మిషన్ స్కూల్లో టీచరు, ఇంట్లో ఎవరూ పడవెక్కి ఎరుగరు. దుబాయ్ వచ్చాక ఈయనకు గాలం పట్టే సరదా అంటుకుంది. చలికాలంలో శుక్రవారం వస్తే చాలు, కంపెనీ పికప్‌లో తెల్లవారకముందే బయల్దేరి, కొండలు దాటుకుని ఖోర్ ఫక్కాన్ తీరానికి వెళ్ళేవాడు. అక్కడ అమీర్ జాన్ అని ఒక బలూచీ నావికుడికి చెక్క బోటు ఉంది. గోధుమ రంగు కొండలు సరిగ్గా సముద్రపు అంచు దాకా వచ్చి ఆగుతాయక్కడ. ఒడ్డు దాటి కాస్త దూరం వెళితే చాలు, నీళ్ళ అడుగున పెద్ద పెద్ద రాళ్ళ దిబ్బలు. ఆ రాళ్ళ సందుల్లో కాపురముండే చేప హమూర్. లావుపాటి మూతి, గోధుమ రంగు ఒంటి మీద మచ్చలు, చూడ్డానికి కోపిష్టి పెద్దమనిషిలా ఉంటుంది. కూరకు మాత్రం దాన్ని మించింది లేదు. మా ఆయన బోటెక్కిన అరగంటకే వాంతులు మొదలుపెట్టి, గాలం పట్టుకునే వాంతి చేసుకుని, ఇంటికొచ్చి సముద్రాన్ని జయించినట్టు చెప్పేవాడు.

డిసెంబర్లో ఒక శుక్రవారం ఆయన పోశయ్యను కూడా తీసుకెళ్ళాడు. ఆ రోజు జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

బోటులో కూర్చున్న దగ్గర్నుంచి పోశయ్య ధీమా చూడాలట. "గంగపుత్రునికి గాలం నేర్పుతరా సారూ?" అని మా ఆయన ఇచ్చిన సలహాలన్నీ పక్కన పెట్టాడు. అమీర్ జాన్ కొండల్లో రెండు శిఖరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా బోటు నడిపి, లంగరు వేశాడు. సీసపు గుండు కట్టిన నైలాన్ దారం, గాలానికి ఎరగా ఒక కవళ్ళ చేప. దారం దిగుతూనే ఉంది. ఇంత లోతా అని పోశయ్య ఒక్కసారి నోరు తెరిచాడట. గోదావరిలో గడ వేస్తే నేల తగులుతుంది మరి. ఎడమ చూపుడువేలి మీద దారం ఆనించి కూర్చున్నాడు. గట్టి గుంజు వచ్చింది. అలవాటు కొద్దీ దారం వదిలాడు. ఏట్లో పెద్ద చేప పడితే అంతే కదా, కాసేపు పరుగెత్తనిచ్చి, అలిసిపోయాక మెల్లగా లాక్కోవాలి.

"ఛోడో మత్! ఖీంచో, ఖీంచో!" అని, వదలొద్దు లాగమని, అమీర్ జాన్ అరిచాడు. అప్పటికే ఆలస్యమైంది. హమూర్ పరుగెత్తే చేప కాదు. ఎర మింగిందంటే వెనక్కి తిరిగి తన రాతి సందులోకి దూరుతుంది. ఒకసారి దూరి రెక్కలు బిగించిందా, ఇక ఏనుగును కట్టి లాగినా రాదు. దారం రాయికి రాసుకుని పుటుక్కున తెగింది.

"ఓహో, ఇది ఇంట్ల కూసునే చేపనా" అన్నాడట పోశయ్య, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. "గట్లయితే గడప తొక్కనియ్యద్దు."

రెండోసారి గుంజు తగలగానే ఒక్క జానెడు కూడా వదలకుండా చరచరా లాగేశాడు. రెండు కిలోల హమూర్. చొక్కా జేబులోంచి పసుపు పొట్లం తీసి, దాని నుదుట బొట్టు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలో వదిలాడు. కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. కళ్ళు తెరిచేసరికి అది అక్కడే ఉంది. పొట్ట ఉబ్బి, వెల్లకిలా పడి, నోట్లోంచి ఏదో సంచిలాంటిది బయటికొచ్చి, నీళ్ళ మీద తేలుతోంది. తోకతో కొట్టుకుంటోంది గానీ కిందికి పోలేకపోతోంది. పోశయ్య చేత్తో కిందికి నొక్కాడు. మళ్ళీ తేలింది. పిట్టలు వచ్చి దాని కళ్ళు పొడవడం మొదలుపెట్టేసరికి అమీర్ జాన్ ఉండబట్టలేక కొక్కెంతో లాగి పెట్టెలో పడేశాడు. ఆ తరువాత పోశయ్య గాలం ముట్టలేదట. తిరుగుదారిలో పికప్‌లో మూడు గంటలూ నోరు విప్పలేదట. పోశయ్య నోరు విప్పకపోవడమన్నది అంతకుముందు ఎవరూ చూసింది కాదు.

ఆ చేప మా ఇంటికే వచ్చింది. నుదుట పసుపు చూసి, మా ఆయన కూరకు పసుపు పట్టించడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడనుకున్నాను. చింతపండు పులుసు పెట్టాను. బాగా కుదిరింది కూడా. ఆయన సగం తిన్నాక కథ మొదలుపెట్టాడు. మిగతా పులుసు పక్కవాళ్ళకు ఇచ్చేశాను.

ఆ వారంలో పోశయ్య చెకప్‌కి వచ్చాడు. ఎప్పుడూ వార్డు గుమ్మంలోంచే కేకేసేవాడు, ఆ రోజు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చెయ్యి చాపమంటే చాపాడు. గుప్పిట బిగించమంటే, "ఇగ ఎందుకమ్మా" అన్నాడు.

"ఏమిటా మాట?"

"గంగమ్మ వద్దన్నది. నా ఎరుకల ఎన్నడు ఆమె చేపను ఎనుకకు నూకలే. నూకిందంటే ఈ చెయ్యి రాదన్నట్టే. ముదీర్‌ను టికెట్ చెయ్యమంట."

నాకు ఆయన మీద కోపమొచ్చిందో, జాలి వచ్చిందో చెప్పలేను. రెండూ వచ్చాయి. ఆ దిగులు చూసి ఊరుకోలేక, తెలిసిన సంగతి చెప్పాను. ఓడరేవు పనుల్లో నీళ్ళ అడుగున దిగే డైవర్లు అప్పుడప్పుడు మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. లోతు నుంచి ఒక్కసారిగా పైకి వస్తే ఒంట్లో గాలి ఉబ్బి ప్రాణాల మీదికి వస్తుంది వాళ్ళకు. చేపకూ అంతే అయ్యుంటుంది అన్నాను.

"లోతులో నీళ్ళ బరువు ఎక్కువ పోశయ్యా. ఆ బరువుకు దాని కడుపులో గాలి అణిగి ఉంటుంది. నువ్వు చరచరా పైకి లాగావు, బరువు తగ్గింది, గాలి బుడగలా ఉబ్బింది. ఉబ్బిన పొట్టతో అదెలా మునుగుతుంది? మళ్ళీ ఆ లోతుకు చేరితే గాలి అణుగుతుంది, మామూలుగా ఈదుకుంటూ పోతుంది. అందులో మీ గంగమ్మ చేసిందేమీ లేదు."

నేను వేరే మంచం దగ్గరికి వెళ్ళి సెలైన్ మార్చి వచ్చేసరికి బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పాత ముఖం తిరిగి వచ్చేసింది.

"అంటే ఆమె వద్దనలే. నేనే సరిగ్గ ఇయ్యలే" అన్నాడు. "గోదావరిల గంగమ్మ ఇల్లు ఒడ్డు పొంటనే ఉంటది. ఈడ అంత లోతుకున్నది. ఇచ్చేటోడు ఇంట్లదాక పోయి ఇయ్యాలె. వాకిట్ల పడేసి దండం పెట్టి వస్తే ఎవ్వలు తీస్కుంటరు?"

"ఇంట్లోదాకా ఎలా వెళ్తావు?"

"నేనెందుకు పోత? చేపను పంపిస్త" అని చకచకా గుప్పిట బిగించి చూపించాడు, నేను అడగకుండానే. మొక్కు ఇంకా తీరలేదు కాబట్టి మళ్ళీ పట్టబోయే మొదటి చేప కూడా గంగమ్మదే అని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి కేకేసి చెప్పాడు. వార్డంతా విన్నది.

ఆ తరువాత వారాల్లో మా ఆయన స్టోరులోంచి బైండింగ్ వైరు ముక్కలు, పనికిరాని చువ్వల తునకలు పోశయ్య గదికి చేరాయి. క్యాంపులో చాయ్ పని అయిపోగానే ఆయన మంచం పక్కన కూర్చుని అల్లేవాడు. ఆ రెండు వేళ్ళు పట్టు ఇవ్వవు, కొక్కెం జారుతుంది, తీగె ఎగిరి కొడుతుంది. జారినప్పుడల్లా మళ్ళీ మొదలు. తయారైంది చూసి క్యాంపంతా విరగబడి నవ్విందట. అది అచ్చంగా కోళ్ళగంప. రాత్రిపూట కోళ్ళను మూసిపెడతామే, అదే. కాకపోతే ఇనుప తీగెతో. అంచు చుట్టూ బరువుకు చువ్వల ముక్కలు, నడినెత్తిన మోకు కట్టడానికి కొక్కెం.

"సముద్రంలో కోళ్ళు పెంచుతావా పోశయ్యా?" అని మా ఆయన అడిగాడు.

"మీరు నవ్వుండ్రి సారూ. చేప పైకి తేలుతది, గంప కిందికి గుంజుతది. ఎవ్వలు గెలుస్తరో చూద్దాం."

ఫిబ్రవరిలో కంపెనీ వాళ్ళు ఏటా పెట్టే చేపల పందెం వచ్చింది. మూడు బోట్లు. ఎవరు పట్టిన హమూర్ ఎక్కువ తూగితే వాళ్ళకు టూ ఇన్ వన్ టేప్ రికార్డరు. మా ఆయన దాన్ని మా గదిలో ఏ బల్ల మీద పెట్టాలో కూడా నిర్ణయించేశాడు. ఈసారి చూడ్డానికి నన్నూ రమ్మన్నాడు. ఆ నెల దాటితే ముదీర్ చెప్పిన గడువు అయిపోతుంది. ముందు రోజే నేను పోశయ్య వేళ్ళు గుచ్చి చూశాను. ఏమీ లేదు. ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు. అందుకే ఆ శుక్రవారం నాకు చేపల మీద ధ్యాస లేదు.

చలి అంటే ఏమిటో ఆ ఉదయం బోటులో తెలిసింది. ఎడారి దేశంలో స్వెట్టరేమిటని నవ్వేవాళ్ళను ఖోర్ ఫక్కాన్ చలికాలపు గాలిలో కూర్చోబెట్టాలి. తడిసిన వేలికి గాలి తగిలితే ఎముక జివ్వుమంది. అమీర్ జాన్ తన రెండు శిఖరాలు చూసుకుని లంగరు వేశాడు. మిగతా రెండు బోట్లూ పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాయి. వాటిలోంచి కేకలు, నవ్వులు. ఒక బోటువాళ్ళు అప్పుడే ఒక హమూర్ ఎత్తి చూపించారు. మా ఆయన పచ్చబడ్డ ముఖంతోనే దాని బరువు అంచనా వేశాడు.

"చిన్న చేప పట్టు పోశయ్యా" అని బతిమాలాడు. "ముందు ఒక చిన్నదాన్ని పట్టి, మీ గంగమ్మకు ఇచ్చెయ్యి. ఆ తరువాత పెద్దదాని సంగతి చూద్దాం."

"అది నా చేతుల లేదు సారూ. ఆమెకు ఏది కావాల్నో అదే తగుల్తది."

దారం వేశాడు. కుడిచేత్తో కింద పట్టుకుని, ఎడమ చూపుడువేలి మీద ఆనించుకుని కదలకుండా కూర్చున్నాడు. బోటు పక్కన ఇనుప కోళ్ళగంప సిద్ధంగా ఉంది. మా ఆయన ఒక చివర వంగి తన పని తాను చేసుకుంటున్నాడు. నేను స్వెట్టరు చేతులు లాక్కుని పోశయ్య వీపు చూస్తున్నాను. ఆ వీపు ఒక్కసారిగా బిగిసింది.

వదల్లేదు. దారాన్ని కుడి అరచేతికి ఒక చుట్టు చుట్టేశాడు. నేను "చుట్టకు!" అని అరిచాను, ఎందుకంటే ఆ వేళ్ళకు తెగుతున్నా తెలియదు. ఆయన వినే స్థితిలో లేడు. కాళ్ళు బోటు అంచుకు తన్నిపెట్టి, వెనక్కి పడుకుని లాగాడు. అటునుంచి కొండే లాగుతున్నట్టు ఉంది. దారం నీళ్ళను కోస్తూ సన్నగా మోగింది. కాసేపు ఇటు జానెడు రాలేదు, అటు జానెడు పోలేదు. అమీర్ జాన్ చుట్ట నోట్లోంచి తీసి లేచి నిలబడ్డాడు గానీ చెయ్యి వెయ్యలేదు. "గడప తొక్కనియ్య, గడప తొక్కనియ్య" అని పళ్ళ మధ్య నుంచి పోశయ్య గొణుగుతున్నాడు. ఉన్నట్టుండి దారం ఒక బార వచ్చింది. ఆ పైన ఇంకొకటి.

పైకి వచ్చిన దాన్ని చూసి నేను శిలువ గురుతు వేసుకోవడమొక్కటే తక్కువ. అమీర్ జాన్ ఒక పక్క, పోశయ్య ఒక పక్క పట్టి బోటులోకి ఎత్తారు. పన్నెండు కిలోలకు తక్కువ ఉండదు. మూతి మా ఆయన అరచెయ్యంత వెడల్పు. పక్క బోట్లలో కేకలు ఆగిపోయాయి. మా ఆయన వాంతి సంగతి మర్చిపోయి పాక్కుంటూ వచ్చాడు. దాన్ని తాకి, నా వంక చూసి, "జ్ఞానం, మనదే" అన్నాడు.

పోశయ్య అప్పటికే పసుపు పొట్లం విప్పుతున్నాడు.

"పోశయ్యా, నా మాట విను. తూకం వెయ్యనీ. ఒడ్డుకు తీసుకెళ్ళి తూకం వేశాక నీ ఇష్టం."

"ఒడ్డుకు పోయేదాక బతుకుతదా సారూ? ఆమెకు సచ్చినదాన్ని ఇయ్యాల్నా?"

"నీకు తెలుసా ఇది ఎంత చేపో?"

"తెలుసు. గందుకే ఇస్తున్న" అన్నాడు. దాని నుదుట బొట్టు పెట్టాడు. పొట్ట అప్పుడే ఉబ్బుతోంది. ఇద్దరూ కలిసి దాన్ని నీళ్ళలోకి జార్చి, పైనుంచి కోళ్ళగంప బోర్లించారు. చేప తేలి గంప నడినెత్తికి ఆనుకుంది, తోక వంపుకుని కొట్టుకుంది. ఒక్క క్షణం గంప కదల్లేదు. తరువాత బరువు గెలిచింది. పచ్చటి నీళ్ళలో గంప, గంప కింద చేప, చేప నుదుట పసుపు, కాసేపు కనిపించి చీకటిలో కలిసిపోయాయి.

మోకు పోశయ్య చేతుల్లోంచి మెల్లగా దిగుతోంది. మోకు వదులైంది. అడుగు తగిలింది. ఆయన కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. ఆపైన మోకును ఒక్క గుంజు గుంజి, లాగడం మొదలుపెట్టాడు. చివరి బారలు లాగుతుంటే మేమంతా ఒకే పక్కకు వంగేసరికి బోటు ఒరిగి అమీర్ జాన్ తిట్టాడు.

గంప ఖాళీగా వచ్చింది.

నీళ్ళ మీద అటూ ఇటూ చూశాం. ఏమీ తేలలేదు. పిట్టలు కూడా ఎటో చూస్తున్నాయి. "గయా" అన్నాడు అమీర్ జాన్. "ఘర్ గయా." ఇంటికి చేరిందట. మా ఆయన బోటు అంచున తల వాల్చేశాడు. అది సముద్రం వల్లనో, టూ ఇన్ వన్ వల్లనో నేను అడగలేదు.

అప్పుడు చూశాను, పలకల మీద రక్తపు చుక్కలు. పోశయ్య కుడిచేతి నుంచి పడుతున్నాయి. నైలాన్ దారం ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ కణుపుల మీద కోసేసింది. ఆ మీద ఉప్పు నీళ్ళలో తడిసిన మోకు రాసుకుంది. ఆయనేమో గంపను చూసి మురిసిపోతున్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. చాయ్ గిన్నె కథ మళ్ళీ మొదలైందనుకున్నాను. సంచిలోంచి గుడ్డ తీసి, ఆ చెయ్యి గుంజి పట్టుకుని, వేళ్ళు గట్టిగా నొక్కాను.

"అబ్బా! జర మెల్లగ పట్టరాదు సిస్టరమ్మా, మంట లేస్తున్నది!"

నేను చెయ్యి వదల్లేదు. వదలడం నా వల్ల కాలేదు.

"ఎక్కడ?"

"ఎక్కడేంది, గీ చిటికెన ఏలు…" అని ఆగిపోయాడు. తన వేలి వంక చూశాడు. నా వంక చూశాడు.

"కళ్ళు మూసుకో" అన్నాను. పైట పిన్నీసు తీశాను. మొనతో తాకాను.

"చిటికెనది" అన్నాడు. మళ్ళీ తాకాను. "ఉంగరపుది. కొంచెం మొద్దుగున్నది, గని తెలుస్తున్నది." మూడోసారి పిన్నీసు గాలిలోనే పట్టుకుని, "ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు గుచ్చలే. ఉత్తగనే అడుగుతున్నవ్."

నరం రోజుకు వెంట్రుకవాసి చొప్పున పెరుగుతుందని నేను చదువుకున్నాను. ఆ ఉదయం దాకా అది దారిలో ఉందని, అప్పుడే చేరిందని నేను రాసి ఇవ్వగలను. అయినా ఏడ్చేశాను. వార్డులో ఎవరు పోయినా ఏడవనిదాన్ని, నడిసముద్రంలో ఒక మనిషి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ ఏడుపు విని మా ఆయన కంగారుగా తల ఎత్తాడు. "ఏమైంది జ్ఞానం? ఏమైంది పోశయ్యా?"

"ఏం లేదు రాజు సారూ" అన్నాడు పోశయ్య, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యొచ్చింది. ఇగ ఎర ఇటియ్యి."